మూడు వందల పన్నెండు దైన్యాలు

ఆఫీసులో నన్ను పొల్లు గారు అంటారు. ఎదురుగా ఉన్నప్పుడు గారు ఉంటుంది. పక్కగదిలోకి వెళ్లగానే పొల్లు ఒక్కటే మిగులుతుంది. ఒక ప్రచురణ సంస్థలో ఇరవై రెండేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను. అక్షరం పొల్లు పోకుండా చూస్తాను కాబట్టి ఆ పేరు పెట్టామంటారు. పొల్లు అంటే గింజలేని పొట్టు అని కూడా ఒక అర్థం ఉంది. వాళ్లు ఏ అర్థంలో పెట్టారో నేను అడగలేదు. అడగడానికి కొంచెం ధైర్యం కావాలి.

మా సంస్థ వేసేవన్నీ మనుషుల్ని బాగుచేసే పుస్తకాలు. వారం రోజుల్లో ఆత్మవిశ్వాసం, నెల రోజుల్లో నాయకత్వం, పదిహేను మెట్లలో ఆనందం. ఈ పుస్తకాలన్నిటినీ ఒక్కొక్కటి నాలుగేసిసార్లు చదివినవాడు ఈ భూమ్మీద నేనొక్కణ్ణే అయి ఉంటాను. రాసినవాళ్లు కూడా అన్నిసార్లు చదవరు. కాబట్టి వాటి ఫలితం ఎలా ఉంటుందో చూడాలనుకున్నవాళ్లు నన్ను చూస్తే చాలు. నా కుర్చీ మరుగుదొడ్డి తలుపు పక్కన ఉంటుంది. ఫ్యాను గాలి అక్కడిదాకా రాదు. కుర్చీ కాస్త ఇటు జరుపుకుంటానని యజమానిని అడుగుదామని చేరిన మొదటి నెలలోనే నిర్ణయించుకున్నాను. ఆ నిర్ణయంలో ఇప్పటికీ మార్పు లేదు.

నేను దిద్దిన ప్రతి పేజీ కింద కుడి మూలన పెన్సిల్‌తో "చూశాను" అని రాస్తాను. ఆ మాట పడనిదే ఏ కాగితమూ ప్రెస్సుకు వెళ్లదు. ఇరవై రెండేళ్లలో చూడకుండా ఒక్కసారి కూడా చూశాను అని రాయలేదు. నాకున్న గొప్పల్లో అదొక్కటే చెప్పుకోదగ్గది. మిగతావి ఇంకా రావలసి ఉంది.

ఇప్పుడు నేను చెప్పబోయే పుస్తకం పేరు "రోజుకో ధైర్యం". రాసినాయన ఊరూరా ఉపన్యాసాలిస్తాడు. ఎక్కడ నిలబడినా మొదటి మాట "గుండె నిబ్బరం!" అని మొదలుపెడతాడు కాబట్టి మేం ఆయన్ని నిబ్బరం గారు అనుకుంటాం. పుస్తకం ప్రెస్సుకు వెళ్లబోయే వారం ఆయన స్వయంగా వచ్చి, కంప్యూటర్ మీద అక్షరాలు కొట్టే మా ఆపరేటర్ వెనక నిలబడ్డాడు. ఆమెకు ముప్పై అయిదేళ్లుంటాయి. చేరి ఆరు నెలలు కావస్తోంది. నన్ను అన్నయ్యా అంటుంది.

"అమ్మా, ఇందులో దైన్యం అనే మాట ఎన్నిచోట్ల వచ్చింది?" అన్నాడు నిబ్బరం గారు.

ఆమె వెతికి చెప్పింది. "తొమ్మిది చోట్లండీ."

"తొమ్మిదా! ఎవరు రాశారు?"

"మీరేనండీ."

"ఎవరు రాస్తేనేం, తీసెయ్యాలి. ధైర్యం మీద పుస్తకంలో దైన్యానికి చోటేమిటి? మనసు చాలా మెత్తనిదమ్మా. ఏ మాట తగిలితే దాన్నే పీల్చుకుంటుంది. కనిపించిన ప్రతి దైన్యాన్నీ ధైర్యం చేసెయ్యండి."

ఒక పేజీలో "దైన్యం వద్దు, ధైర్యం కావాలి" అని ఉన్నట్టు నాకు గుర్తుంది. మారిస్తే అది "ధైర్యం వద్దు, ధైర్యం కావాలి" అవుతుంది. చెబుదామని నోరు తెరిచాను. ఆయన నావైపు తిరిగాడు. ఆవులించినట్టు నటించి మూసుకున్నాను.

తర్వాత ఫైనల్ ప్రూఫు నా బల్ల మీదికి వచ్చింది. రెండు రోజులు కూర్చుని చదివాను. పదిహేడో పేజీలో కామా ఒకటి జారిపోయింది, పెట్టాను. తొంభయ్యో పేజీలో పొల్లు ఒకటి లేచిపోయింది, దింపాను. రెండువందల నాలుగో పేజీలో "క్రుషి" అని ఉంది, చెవి పట్టుకుని "కృషి" చేశాను. రెండు వందల ఎనభై ఎనిమిది పేజీల కిందా చూశాను అని రాశాను. మూడు వేల కాపీలు అచ్చయ్యాయి. గురువారం ఆవిష్కరణ అన్నారు. నాకు ఒక కాపీ ఇచ్చారు. ఇంటికి తెచ్చి బల్ల మీద పడేశాను.

మా ఆవిడ మా సంస్థ పుస్తకాలు ముట్టుకోదు. "ఇంట్లో వాటి ఉదాహరణ తిరుగుతూ ఉంటే ఇంక చదవడమెందుకు?" అంటుంది. కానీ ఆ ఆదివారం మధ్యాహ్నం చిక్కుడుకాయలు తుంచుతూ, ఏం తోచకో ఏమో, పుస్తకం తెరిచి ఒళ్లో పెట్టుకుంది. నేను పక్కన పేపరు చూస్తున్నాను.

"ఏమండీ, ఈయనెవరో గానీ ఉన్నదున్నట్టు రాశాడండీ" అంది.

"ఊఁ."

"వినండి. 'దైన్యం పుట్టుకతో రాదు. రోజూ కొంచెం కొంచెం సాధన చేస్తే ఎవరికైనా అబ్బుతుంది.'"

"ఊఁ" అన్నాను. నాకు తప్పేమీ వినిపించలేదు.

"'పై అధికారి గదిలోకి వెళ్లేటప్పుడు మొహంలో దైన్యం కనిపించాలి. గొంతులో దైన్యం పలకాలి. అప్పుడే పని అవుతుంది.' మా నాన్న ఇదే చెప్పేవాడు పాపం. పుస్తకం రాయలేదు గానీ."

"ఊఁ."

"'ఇంట్లో దైన్యం లేనివాడు బయట దైన్యంగా నిలబడలేడు.' ఇది మాత్రం మిమ్మల్ని దగ్గరుండి చూసి రాసిందేనండీ. మీరేమైనా చెప్పుకున్నారా ఆయన దగ్గర?"

అప్పుడు చెవిలో ఏదో చిన్న ముల్లు గుచ్చుకుంది.

"ఏదీ, మళ్లీ చదువు. ధైర్యం అని కదూ?"

"దైన్యం అనండీ. నాకు చదువొచ్చు."

పుస్తకం లాక్కున్నాను. చిక్కుడుకాయలు నేల మీద పడ్డాయి. ఏ పేజీ తిప్పినా అదే. ద పొట్ట కింద గీత లేదు, ర ఉండవలసిన చోట న ఉంది. తేడా అంతే. సున్నాతో ముగిసే ధైర్యం ప్రతి ఒక్కటీ దైన్యం అయి కూర్చుంది. ధైర్యాన్ని, ధైర్యానికి, ధైర్యవంతుడు మాత్రం చెక్కుచెదరలేదు. అట్ట మీద బొమ్మతోపాటు వేసిన "రోజుకో ధైర్యం" కూడా క్షేమంగానే ఉంది. "ధైర్యాన్ని సంపాదించాలంటే ముందు దైన్యం రుచి తెలియాలి" అని నలభయ్యో పేజీలో ఉంది. సాయంత్రం దాకా కూర్చుని లెక్కపెట్టాను. మూడు వందల పన్నెండు.

కొత్తగా చేరినవాళ్లకు నేను ఒక పాఠం చెబుతుంటాను. కన్ను అక్షరాన్ని చదవదు, మనసు ముందే రాసిపెట్టుకున్నదాన్ని చదువుతుంది, అందుకే సొంత రాత ఎవరూ దిద్దుకోలేరు అని. ఆ పాఠం నాకు నేనే చెప్పుకుని కాస్త ఊరట పొందుదామని చూశాను. కుదరలేదు. "క్రుషి"ని పట్టుకున్న కన్ను అది. లేచిపోయిన పొల్లును పట్టుకున్న కన్ను. కనబడలేదంటే నేనే నమ్మను. కనబడే ఉంటుంది. ఆ వాక్యాలు నాకు తప్పుగా తోచి ఉండవు, అదీ సంగతి. అధికారి ముందు దైన్యంగా నిలబడాలి అని చదివి, అవును మరి అనుకుని, పేజీ తిప్పి ఉంటాను. ఆ రెండు మాటలూ నాలో ఏనాడో ఒకటైపోయాయి. ఏ సంవత్సరంలో కలిశాయో మాత్రం గుర్తురావడం లేదు.

"ఏమైందండీ?" అంది మా ఆవిడ కాయలు ఏరుకుంటూ.

"తప్పు పోయింది."

"నాకు మాత్రం బాగుంది" అంది.

సోమవారం పొద్దున్నే యజమాని గది ముందు నిలబడ్డాను. చెప్పెయ్యాలి. గురువారం దాకా మూడు రోజులుంది. గోడౌన్లో ఉన్న మూడు వేల కాపీలు ఆపెయ్యొచ్చు. అరవై మూడో పేజీలో దీనికి ఉపాయం కూడా ఉంది. "తలుపు తట్టే ముందు మూడుసార్లు నిండుగా ఊపిరి పీల్చండి. దైన్యం దానంతటదే వస్తుంది." పీల్చాను. వచ్చింది.

"రా నాన్నా" అన్నాడు యజమాని. ఆయన అందర్నీ నాన్నా అంటాడు. రెండుసార్లు వరసగా అంటే మాత్రం కీడు శంకించాలి. "ఏమిటి సంగతి?"

"ఆ కొత్త పుస్తకమండీ..."

"దివ్యంగా వచ్చింది. ఇరవై రెండేళ్లలో నీ చేతి మీదుగా ఒక్క తప్పు బయటికి పోలేదని మొన్న నిబ్బరం గారితో అంటున్నాను. సభలో నీ పేరు కూడా చెప్పిస్తాను నాన్నా."

నోరు తెరిచాను. బయటికి వచ్చిన మాట ఇది: "నా మూలకి ఫ్యాను గాలి రావడం లేదండీ. కుర్చీ కాస్త ఇటు జరుపుకుందామని..."

"ఈ ఎండలు పోనీ నాన్నా, చూద్దాం."

అలా ఇరవై రెండేళ్ల కోరికను నోరు విడిచి అడిగాను. అదీ ఇంకోదాన్నుంచి తప్పించుకోవడానికి.

అక్కణ్ణుంచి ఆపరేటర్ దగ్గరికి వెళ్లి పుస్తకం తెరిచి చూపించాను. ఆమె మొహం పాలిపోయింది. కంప్యూటర్లో ఏ మాట తియ్యాలో పై గడిలో కొట్టాలి, దాని బదులు ఏది రావాలో కింది గడిలో కొట్టాలి. ఈమె పైది కిందా, కిందిది పైనా కొట్టింది.

"మూడు వందల మూడు చోట్ల మారిందని కంప్యూటర్ చెప్పింది కూడా అన్నయ్యా. తొమ్మిదే కదా ఉండాల్సింది? అప్పుడే యజమాని పిలిచారు. అంకె చూడకుండానే సరే నొక్కేశాను." ముందే ఉన్న తొమ్మిదీ కలిస్తే నా లెక్క సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "శుక్రవారంతో నా ఆరు నెలలూ అయిపోతాయి. ఖాయం చేస్తూ కాగితం ఇస్తానన్నారు. ఈ నాలుగు రోజులు ఎవరికీ చెప్పకండి. శుక్రవారం సాయంత్రం నేనే వెళ్లి చెప్పుకుంటాను."

తప్పు బయటపడితే ఎవరో ఒకరు వెళ్లాలి. ఖాయం కానివాళ్లు ముందు వెళతారు. అందులో అన్యాయం ఏమీ లేదన్నట్టు జరిగిపోతుంది.

"నువ్వేం దిగులుపడకమ్మా. నేను నోరెత్తను" అన్నాను.

అనగానే గుండె తేలికైంది. ఆ తేలికే నాకు నచ్చలేదు. అయిదు నిమిషాల క్రితం నోరెత్తలేకపోతే అది భయం. ఇప్పుడు నోరెత్తకపోతే త్యాగం. పని అదే, నోరూ అదే. నా పిరికితనానికి ఇన్నాళ్లకి ఒక చెల్లెలు దొరికింది.

ఆమె కళ్లు తుడుచుకుని పుస్తకం ఇంకో రెండు పేజీలు తిప్పింది. "అయినా అన్నయ్యా, నేనంటే గడి తప్పాను. మీరు ఇన్ని పేజీలు ఎలా చూశారు?"

"చూశాను కదమ్మా."

"అదే, ఎలా చూశారని."

గురువారం హాలు నిండింది. నిబ్బరం గారు "గుండె నిబ్బరం!" అన్నాడు. చప్పట్లు. పుస్తకం తెరిచి ఒక పేజీ చదివి వినిపించాడు. మూడో వరసలో కూర్చున్న నా చేతిలోనూ అదే పేజీ ఉంది. అందులో ఏడు దైన్యాలున్నాయి. ఆయన ఏడింటినీ ధైర్యం, ధైర్యం అని గంటలా మోగించాడు. కళ్లు కాగితం మీదే ఉన్నాయి. నా పాఠం ఆయన విషయంలోనూ నిజమే. మనసు ముందే రాసుకున్నదే చదువుతుంది. ఆయన మనసులో ఏది రాసి ఉందో, నా మనసులో ఏది రాసి ఉందో కూడా అక్కడికక్కడే తేలిపోయింది.

గట్టెక్కాం అనుకున్నాను. పక్కన ఆపరేటర్ కూడా ఊపిరి వదిలింది. అప్పుడు యజమాని, ఎవరైనా ప్రశ్నలడగవచ్చు అన్నాడు. వెనక వరసలో ఒకావిడ లేచింది. బస్టాండులో టికెట్ల కౌంటర్లో పనిచేస్తుందట. ముందే వచ్చి, ద్వారం దగ్గర పుస్తకం కొని, సభ మొదలయ్యే దాకా చదువుతూ కూర్చుందట. పుస్తకం కొని చదివేవాళ్లు కూడా ఉంటారని మేమెవరమూ లెక్కలోకి తీసుకోలేదు.

"అయ్యా, నాకు ప్రశ్నేం లేదండీ. నలభై ఒకటో పేజీలో మాట చాలా నచ్చింది. 'దైన్యం దాచుకోవలసింది కాదు. దాన్ని నలుగురిలోకీ తీసుకురండి.' పొద్దున్నుంచి సాయంత్రం దాకా కిటికీలోంచి తిట్లు తింటానండీ. ఇంటికెళితే ధైర్యంగా ఉండు అంటారు, పక్కింటివాళ్లూ అదే అంటారు. దిగులుగా ఉంటే ఉండవే, తప్పులేదు అని చెప్పినవాళ్లు మీరొక్కరే."

"ధైర్యం తల్లీ! ధైర్యం దాచుకోవలసింది కాదు అన్నాను" అన్నాడు నిబ్బరం గారు నవ్వుతూ.

"కాదండీ, దైన్యం. ఇదిగో ఇక్కడ."

ఆయన పేజీ తిప్పాడు. ఈసారి కన్ను అక్షరాన్ని చదివింది. నవ్వు మొహం మీదే ఉండిపోయింది గానీ దాని వెనకున్న మనిషి వెళ్లిపోయాడు. పక్కనున్న యజమానికి చూపించాడు. యజమాని మెడ కోడిమెడలా సాగి మా వరస వైపు తిరిగింది.

"ఇదెవరు చూశారు?"

నేను లేచి నిలబడ్డాను. "చూశాను" అన్నాను.

ఈ క్షణాన్ని తర్వాత చాలాసార్లు విప్పి చూసుకున్నాను. వీరత్వం ఏమైనా దొరుకుతుందేమోనని వెతికాను. చెల్లెలు గుర్తొచ్చిందా? రాలేదు. నిజం గుర్తొచ్చిందా? రాలేదు. ఎవరు చూశారు అనే ప్రశ్నకు ఇరవై రెండేళ్లుగా నా దగ్గర ఒకే జవాబు ఉంది. గుడి, కొమ్ము, ఏత్వం దిద్దీ దిద్దీ అరిగిపోయిన చెయ్యి పెన్సిల్ లేకుండానే ఆ మాట రాసేసింది. కాళ్లు దాన్ని నిలబెట్టాయి. నేను ఆలస్యంగా వెళ్లి చేరుకున్నాను.

నిలబడ్డాక మాత్రం కూర్చోవచ్చు. కూర్చోలేదు. అది నాదే అనుకుంటాను. "ప్రతి పేజీ నేనే చూశానండీ. అక్కడుండవలసింది ధైర్యం. తప్పు నాది" అన్నాను. గొంతు సన్నగా, పొట్టుకి గొంతుంటే ఎలా ఉంటుందో అలా ఉంది గానీ, వెనక వరస దాకా వినిపించింది.

ఆపరేటర్ నా చొక్కా కొస లాగింది. "అన్నయ్యా, నేను..." అని లేవబోయింది. భుజం నొక్కి కూర్చోబెట్టాను.

హాల్లో గుసగుసలు లేచాయి. నిబ్బరం గారు మైకు దగ్గరికి వంగాడు. నిలువెత్తు మనిషి. నలభై ఊళ్లలో ధైర్యం నూరిపోసినవాడు. పొరపాటు జరిగింది, క్షమించండి అనడానికి మూడు మాటలు చాలు. ఆయన ఏమన్నాడంటే:

"ఆ పెద్దమనిషిని కూర్చోమనండి. పాపం, నామీద అభిమానంతో కంగారుపడుతున్నాడు. తప్పేం లేదు తల్లీ. దైన్యమే! మీరు గమనిస్తారా లేదా అని పరీక్ష పెట్టాను. దైన్యం తెలిసినవాడికే ధైర్యం. గుండె నిబ్బరం!"

హాలు దద్దరిల్లింది. నేను చప్పట్ల మధ్య నిలబడి ఉన్నాను. నా జీవితంలో మొదటి సాహసం, దాని వయసు అర నిమిషం, నా కళ్లముందే అభిమానం కింద మారిపోయింది. టికెట్ల కౌంటర్ ఆవిడ మాత్రం చప్పట్లు కొట్టలేదు. నావైపు చూసి, పుస్తకం మూసి, సంచిలో పెట్టుకుంది.

ఇంటికి నడిచే వెళ్లాను. సందు మలుపులో ఎవరో ఈల వేస్తున్నారనిపించి చూస్తే నేనే. సంతోషం కాబోలు. అలవాటు లేని వస్తువు కాబట్టి గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది.

"ఏమిటా మొహం? ఉద్యోగం ఊడిందా?" అంది తలుపు తీసిన మా ఆవిడ.

"రేపు తెలుస్తుంది."

"మరి ఈల ఎందుకండీ?"

"నోరు ఖాళీగా ఉంది" అన్నాను.

శుక్రవారం యజమాని పిలిచాడు. "నాన్నా, నాన్నా" అన్నాడు. రెండుసార్లు. కూర్చోమనలేదు.

"సభలో ఆ లేవడమేమిటి? తప్పే లేనిచోట తప్పు ఒప్పుకోవడమేమిటి?"

"తప్పు ఉందండీ. మూడు వందల పన్నెండు..."

"లేదు. రాసినాయనే లేదన్నాక ఉందనడానికి నువ్వెవరు? పుస్తకం కోసం జనం ఎగబడుతున్నారు. తప్పు అనే మాట నీ నోట ఇంకొక్కసారి వచ్చిందా, ఇరవై రెండేళ్లని కూడా చూడను. అర్థమైందా నాన్నా?"

వరసగా రెండుసార్లు అన్నాక మళ్లీ మూడోసారి కూడా నాన్నా అనడం ఇదే మొదలు. తప్పు లేదు కాబట్టి తప్పు చేసినవాళ్లూ లేరు. సాయంత్రానికి ఆపరేటర్‌కు ఖాయం కాగితం ఇచ్చారు. చెప్పిన మాట ప్రకారం ఆమె వెళ్లి గడులు తారుమారు చేసిన సంగతి చెప్పబోయిందట. యజమాని చెవులు మూసుకున్నాడట, నిజంగా, రెండు చేతులతో. ఆ సంస్థలో ఆ రోజు నిజం చెప్పుకోవడానికి ఇద్దరం క్యూ కట్టాం. తీసుకునేవాడే లేడు.

మూడు వారాల్లో రెండో ముద్రణ వచ్చింది. ఈసారి మిగిలిన ధైర్యాన్ని, ధైర్యానికి కూడా దైన్యాన్ని, దైన్యానికి చెయ్యమన్నారు. అట్ట మీద పేరు కూడా మార్చారు. నిబ్బరం గారు కొత్త ముందుమాట రాసి పంపాడు. దాని చివరి వాక్యం ఇది: "ఈ పుస్తకంలోని ప్రతి దైన్యమూ నేను తెలిసి రాసిందే."

మొదటి ప్రూఫు నా ముందుకు వచ్చింది. అక్షరదోషం లేదు. చూశాను అని రాసి పక్కన పెట్టేస్తే అయిపోతుంది. పెన్సిల్ కదల్లేదు. యజమాని మాట చెవిలో ఉంది. మరుగుదొడ్డి తలుపు తెరుచుకుంది, మూసుకుంది. ఈ గదిలో నన్ను ఎవరూ ఏమీ అడగడం లేదు. లేచి నిలబడడానికి సభ లేదు, అలవాటు సాయానికి రాదు. రాయవలసివస్తే ఈసారి నేనే రాయాలి. రాసిన మాట నిజమా అని అనుమానం వచ్చినప్పుడు మా వృత్తిలో అంచున ఒక ప్రశ్న గుర్తు పెడతాం, రాసినవాళ్లు చూసుకుంటారని. ఆ వాక్యం చివర, కుడి అంచున, ఒక ప్రశ్న గుర్తు పెట్టాను. చిన్నదే. కొంచెం వంకరగా వచ్చింది.

మర్నాడు ఫైనల్ నా బల్ల మీద ఉంది. ముందుమాట చివరికి వచ్చాను. "ఈ పుస్తకంలోని ప్రతి దైన్యమూ నేను తెలిసి రాసిందే?"

అంచున పెట్టిన గుర్తు తిన్నగా వాక్యంలోకి ఎక్కి కూర్చుంది. ఆపరేటర్ దగ్గరికి పరిగెత్తాను.

"అమ్మాయ్, ఇది అనుమానం గుర్తు. కొట్టమని కాదు. ఈ తేడా నీకు తెలుసు కదా?"

ఆమె తల తిప్పలేదు. వేళ్లు ఆడుతూనే ఉన్నాయి. "మీరు పెట్టిందే కొట్టాను అన్నయ్యా. పొల్లు పోకుండా."

"ఆయన చూస్తే?"

"ఆయన చదువుతారా?" అని, కొంచెం ఆగి, "చదివితే మాత్రం ఎవరు చూశారని అడుగుతారు. మీకే తెలియాలి" అంది.

నా కుర్చీకి తిరిగొచ్చాను. గాలి లేదు. ఆ పేజీని పై నుంచి కిందికి, ఒక్కో అక్షరమూ విడివిడిగా, ఎన్నడూ చదవనట్టు చదివాను. గుడి దగ్గర గుడి, కొమ్ము దగ్గర కొమ్ము, చివర ప్రశ్న గుర్తు. దిద్దవలసింది ఏమీ కనిపించలేదు. పెన్సిల్ పక్కన పెట్టి, చెరపడానికి వీల్లేని ఇంకు పెన్ను తీసుకుని, కింద కుడి మూలన రాశాను.

చూశాను.